తినని రోజు, తిననివ్వని రోజు

1937 నుంచి 1939 దాకా ఐర్లాండ్ బడిపిల్లలకు ఒక వింత పని అప్పజెప్పారు. ఇంట్లోనో ఇరుగుపొరుగునో ఉన్న ముసలివాళ్ల దగ్గర కూర్చుని పాత సంగతులు అడిగి రాసుకు రమ్మన్నారు. ఐరిష్ జానపద కమిషన్ 26 కౌంటీల్లో, సుమారు 5,000 బడుల్లో నడిపించిన పని అది. రాయాల్సిన అంశాల్లో పూర్వకాలపు తిండి ఒకటి. రోజుకు ఎన్ని పూటలు తినేవాళ్లు, పొద్దున ఎంగిలిపడకముందే పనిలోకి దిగేవాళ్లా, బల్ల ఎక్కడ వేసుకునేవాళ్లు, కప్పులు రాకముందు దేంతో తాగేవాళ్లు, టీ ఊళ్లోకి ఎప్పుడొచ్చింది, ఇలాంటి ప్రశ్నలు. ఊరు మారినా జవాబులు పెద్దగా మారవు. మూడు కాళ్ల ఇనప కుండలో బంగాళాదుంపలు ఉడికేవి. ఉడికాక వాటిని లోతు తక్కువ వెదురుబుట్ట లాంటి అల్లిక బుట్టలోకి వంచితే నీళ్లు కారిపోయేవి. ఆ బుట్టనే కుండ మూతి మీద పెట్టుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్లు. మధ్యలో ఉప్పు, పక్కన చెక్క పాత్రలో చల్ల. తొక్క తీయడానికి బొటనవేలి గోరే కత్తి. పని గట్టిగా ఉండే రోజుల్లో కొందరు దుంపను పూర్తిగా ఉడకనిచ్చేవాళ్లు కారు. నడిమి భాగం కాస్త పచ్చిగా, గట్టిగా మిగలాలి. దాన్ని దుంపలోని ఎముక అనేవాళ్లు. మెత్తటి దుంప తొందరగా అరిగిపోతుంది, ఎముకున్న దుంప ఆకలిని ఇంకో గంట ఆపుతుంది.

ఈ భోజనంలో కనిపించనిది వెన్న. చల్ల ఉందంటే కవ్వం ఆడినట్టే, వెన్న తీసినట్టే. ఆ వెన్న ఇంట్లో ఎవరి నోట్లోకీ పోలేదు, సంతకు పోయింది. 19వ శతాబ్దంలో కార్క్ నగరపు వెన్న బజారు ప్రపంచంలోకెల్లా పెద్దది. పీపాల్లో ఉప్పు పట్టించిన ఐరిష్ వెన్న అక్కడి నుంచి సముద్రాలు దాటి వెస్టిండీస్ దాకా వెళ్లేది. దాన్ని చిలికిన ఇంటికి మిగిలేది చల్ల, వచ్చిన డబ్బు భూస్వామి కౌలుకు. గదిలో ఓ మూల తిరిగే పందినీ అందుకే కౌలు కట్టే పెద్దమనిషి అని ఎగతాళిగా పిలిచేవాళ్లు. గుడ్లు కొట్టుకు పోయి ఉప్పూ పంచదారా అయి తిరిగొచ్చేవి. ఇదంతా మామూలు రోజుల సంగతి. ఇక ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్కాలం వచ్చిందంటే మాంసం, గుడ్లు, పాలు, వెన్న, జున్ను అన్నీ మానేయాలి. 19వ శతాబ్దం మొదలయ్యాక కూడా చాలా పల్లెల్లో ఈ కటిక ఉపవాసం నడిచింది. పూర్తి భోజనం రోజుకు ఒక్కటే, మన మాటలో ఒక్కపొద్దు. చల్ల కూడా పోయి, దాని చోట ఉప్పు హెర్రింగ్ చేపో, తీరంలో ఏరుకొచ్చిన నత్తగుల్లలో, ఎండు సముద్రపాచో నంజుకునేవాళ్లు.

అంటే బుట్ట ముందు కూర్చున్న మనిషికి నంజు లేకపోవడానికి రెండు కారణాలు. కౌలు రోజుల్లో భూస్వామి, తపస్కాలంలో దేవుడు. నాలుకకు రెండూ ఒకటే, కడుపుకూ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? అసలు తేడా ఉందా? లేమిలో పుట్టి లేమిలో పెరిగిన మనిషి మళ్లీ మొక్కు పెట్టుకుని మానేయడానికి ఏం మిగిలిందని? ప్రశ్న ఐర్లాండ్‌దే అయినా అడగాల్సింది మతాలన్నిటినీ. ఉపవాసాన్ని పుణ్యంగా చెప్పని మతం అరుదు, దాన్ని నిష్ఠగా పాటించేవాళ్లలో పేదలు లేని మతమూ లేదు. నా జవాబు ముందే చెప్పేస్తాను. తేడా ఉంది, అది కంచంలో కాదు, మానుకున్నది ఎవరన్న దాంట్లో ఉంది. ఉపవాసం ఎవరికి వాళ్లు చేసుకోగలిగింది మాత్రమే. ఒకరి ఆకలికి మరొకరు ఆధ్యాత్మిక అర్థం కట్టబెట్టిన క్షణాన అది మతం కాకుండా పోతుంది. ఐరిష్ పల్లెల తిండి చరిత్ర ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది గనకే దాన్ని తీసుకున్నాను.

ముందు ఈ అలవాటు ఎంత లోతైనదో చూడాలి. ఐరిష్ భాషలో బుధవారాన్ని కేడీన్ అంటారు, మొదటి ఉపవాసం అని అర్థం. శుక్రవారం ఈన్యె, అంటే ఉపవాసమే. నడుమ వచ్చే గురువారం డేర్డీన్, రెండు ఉపవాసాల మధ్య రోజు. సోమ, మంగళ, శనివారాలకు వాళ్లూ మనలాగే గ్రహాల పేర్లు పెట్టుకున్నారు గానీ ఈ మూడింటినీ కంచాన్ని బట్టి లెక్కించారు. బంగాళాదుంప 16వ శతాబ్దం చివర్లోగానీ ఆ దీవికి రాలేదు. ఈ వారాల పేర్లు దానికి ఎన్నో వందల ఏళ్ల ముందువి. అప్పటి తిండి వేసవిలో పాలు, పెరుగు, వెన్న, జున్ను. వీటన్నిటికీ కలిపి తెల్లతిండి అనే మాటే ఉండేది. చలికాలంలో ఓట్స్ జావ, రొట్టె, ఉప్పు వేసి ఊరబెట్టిన పంది మాంసం. పాడి మీద బతికే జనం పాడినే మానుకోవాలని ఆ నియమం అడిగింది. కొన్ని పట్టణాల్లో ఈస్టర్ వేళ కసాయివాళ్లు ఒక హెర్రింగ్ చేపను కర్రకు కట్టి, వీధుల వెంట బాదుకుంటూ ఊరేగించి, నీళ్లలో విసిరేసి, దాని చోట రిబ్బన్లు కట్టిన గొర్రెమాంసం వేలాడదీసేవాళ్లు. నలభై రోజులు బేరాల్లేక ఈగలు తోలుకున్న వాళ్ల కసి అది. ఒక నియమం నిజంగా పాటించబడిందా లేదా అన్న అనుమానముంటే దానివల్ల నష్టపోయినవాడి కోపం చూడాలి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇప్పుడు మొదటి ఆక్షేపణ. తినడానికి లేనివాడితో ఉపవాసం చేయించడం క్రూరమైన హాస్యం కదా? ఐరిష్ వాళ్లకు ఈ హాస్యం బాగా తెలుసు. దుంపా చూపూ అని ఒక నానుడి ఉంది. వాసానికి ఒక చేపనో పంది మాంసపు ముక్కనో వేలాడదీసి, ఒలిచిన దుంపను దానివైపు చూపించి తినడం. చూపుతోనే నంజుకోవడమన్నమాట. పాత దుంపలు అయిపోయి కొత్తవి ఇంకా ఊరని జూలై నెలను ఆకలి జూలై అనీ, క్యాబేజీ జూలై అనీ పిలిచేవాళ్లు. ఆ నెలలో ఆకుకూరలు ఉడకేసుకుని, అప్పు మీద పిండి తెచ్చుకుని ఆగస్టు కోసం ఎదురుచూడాలి. ఏ పంచాంగమూ చెప్పని ఉపవాసం అది. నలభై రోజుల తపస్కాలం కన్నా పేదవాడికి ఆ ముప్పై రోజులు కఠినం. దానికి మాత్రం మొక్కూ లేదు, పుణ్యమూ లేదు, చివర్లో ఈస్టరూ లేదు.

ఆక్షేపణలో బలముంది. చర్చి పండితులకూ ఆ సంగతి తెలుసు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఉపవాసం ఎవరికి తప్పనిసరి అన్న ప్రశ్న వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి ముక్కా ముక్కా అడుక్కునేవాడికి, ఒక్కసారి కడుపునిండా తిండి దొరకని వాడికి ఆ నియమం వర్తించదని తేల్చాడు. పైకి ఇది దయలా కనిపిస్తుంది. నిజానికి ఇది తర్కం. చేతిలో ఉన్నదే వదులుకోగలం, లేనిదాన్ని వదులుకోలేం. భోజనం ఉంటేనే మానడం అనే క్రియ సాధ్యమవుతుంది. ఈ తర్కాన్ని పట్టుకుని చూస్తే ఐరిష్ పేదవాడి స్థితి మనం అనుకున్నంత సూటిగా ఉండదు. అతనికి మంచి ఏడాదిలో దుంపలకు కరువు లేదు. 1840ల నాటికి కష్టం చేసే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడని లెక్కలు చెబుతాయి. దుంపకు చల్ల తోడైతే శరీరానికి కావాల్సినవి దాదాపు అన్నీ అందుతాయి. 19వ శతాబ్దం మొదట్లో మన దేశానికి రావడానికి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరినవాళ్ల కొలతలు చరిత్రకారులు తవ్వి తీస్తే, ఐరిష్ వాళ్లు ఇంగ్లిష్ వాళ్లకన్నా పొడుగ్గా తేలారు. కాబట్టి తపస్కాలంలో అతను మానుకున్నది బతుకును కాదు. చల్ల చుక్కను, కోడి పెట్టిన గుడ్డును, రుచిని మానుకున్నాడు. ఉన్నదాంట్లో తనదంటూ చెప్పుకోగలిగిన కాస్తను మానుకున్నాడు.

ఆ కాస్త ఎంత చిన్నదైనా దాని మీద నిర్ణయం అతనిది. అతని బతుకులో అలాంటివి చాలా తక్కువ. భూమి అతనిది కాదు. కౌలు ఎంతో అతను చెప్పలేడు. పంది తన ఇంట్లోనే పెరిగినా తనది కాదు. భూస్వామి చాలాచోట్ల వేరే మతంవాడు, వేరే భాషవాడు. విభూది బుధవారం నుంచి గుడ్డు తిననని చెప్పినప్పుడు మాత్రం ఆ మాటలో కర్త అతనే. పైగా ఈ మానడానికి ఒక ముగింపుంది. ఆదా అయిన గుడ్లు ఈస్టర్ పొద్దున ఇంటిల్లిపాదీ ముందుకు వచ్చేవి, ఒక్కొక్కరు అరడజను దాకా లాగించేవాళ్లు. జూలై ఆకలి మనిషికి జరుగుతుంది, తపస్కాలం మనిషి జరుపుకుంటాడు. ఈ రెండు క్రియల మధ్య దూరాన్ని కడుపు కొలవలేదు. అందుకే కడుపును బట్టి మాత్రమే తీర్పు చెప్పేవాళ్లకు పేదవాడి ఉపవాసం అర్థంలేనిదిగా కనబడుతుంది.

ఎంత మానేశారన్న దాంట్లో పుణ్యముందనుకున్నవాళ్లు ఐర్లాండ్‌లోనూ లేకపోలేదు. 8వ శతాబ్దం చివర్లో టాలా మఠాధిపతి మేల్‌రూన్ తన సన్యాసులకు బీరు నిషేధించాడు. దేవుణ్ణి మరిపించే పానీయం తన మాట చెల్లినంతకాలం అక్కడ తాగకూడదన్నాడు. పక్కనే ఫింగ్లస్ మఠాధిపతి దుబ్లిటిర్ తన సన్యాసులు తాగుతారనీ, అయినా స్వర్గంలో మేల్‌రూన్ శిష్యుల పక్కనే ఉంటారనీ జవాబిచ్చాడని చెబుతారు. నాకు దుబ్లిటిర్ వైపే మొగ్గు. 12వ శతాబ్దపు మాక్ కాన్ గ్లిన్నె కథ మఠాలను ఇంకా చెడుగుడు ఆడుకుంది. కార్క్ మఠంలో అతిథిగా దిగిన పండితుడికి నీళ్ల తరవాణీ లాంటి పానీయం, కాసిని ఓట్స్ పెట్టారట. అతను మఠం పిసినారితనాన్ని ఎండగట్టి, ఆనక పాల సరస్సులూ వెన్న దిబ్బలూ ఉన్న దేశాన్ని కలగని, ఆ కల చెప్పే రాజు కడుపులోని తిండిపోతు దయ్యాన్ని బయటికి రప్పిస్తాడు. ఈ కథ రాసినవాళ్లూ నవ్వినవాళ్లూ ఉపవాసాలుండే జనమే. అతిథికి తక్కువ పెట్టి దాన్ని నిగ్రహం అనుకోవడం వాళ్లకు నవ్వులాటగా తోచింది. నీ కంచంలో తగ్గించుకుంటే అది ఉపవాసం, ఎదుటివాడి కంచంలో తగ్గిస్తే లోభం. ఆ తేడా పల్లెటూరి ఐరిష్ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఉపవాసం చేసేవాడి చేతిలో ఉంటుందనడానికి ఇంకా గట్టి రుజువు వాళ్ల పాత చట్టాల్లో ఉంది. రాజు, బిషప్పు, పెద్ద కవి లాంటి ఉన్నత స్థాయివాడు బాకీ ఎగ్గొడితే సామాన్యుడు అతని ఆస్తిని జప్తు చేసుకోలేడు. వెళ్లి అతని గుమ్మంలో పస్తు కూర్చోవచ్చు. దాన్ని త్రొస్కద్ అంటారు. ఆ పస్తును పట్టించుకోకుండా లోపల భోంచేసినవాడు రెట్టింపు చెల్లించాలి. న్యాయమైన హామీ ఇచ్చాక కూడా పస్తు ఆపనివాడు తన హక్కే పోగొట్టుకుంటాడు. ఇంత పకడ్బందీగా రాసుకున్నారు. పాట్రిక్ సెయింటు గురించిన 7వ శతాబ్దపు రచన ఆయన ఇప్పుడు క్రో పాట్రిక్ అనే కొండ మీద నలభై రోజులు ఉపవాసమున్నాడని చెబుతుంది. తర్వాతి జీవితకథ అయితే కోరినవి ఇచ్చేదాకా కొండ దిగనని ఆయన దేవుడి గుమ్మంలోనే కూర్చున్నట్టు చెప్పేసింది. న్యాయశాస్త్ర చరిత్రకారుడు హెన్రీ మెయిన్ 1875లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఐరిష్ త్రొస్కద్‌నూ మన దేశంలోని ధర్ణానూ పక్కన పెట్టి చూపించాడు. ఆయన మన దేశంలో ప్రభుత్వ న్యాయసభ్యుడిగా పనిచేసినవాడు, ఆ పోలిక ఊరికే తట్టలేదు. 1920లో కార్క్ మేయర్ టెరెన్స్ మాక్‌స్వీనీ లండన్ జైల్లో 74 రోజులు తిండి మాని చనిపోయాడు. తెలుగు పాఠకుడికి ఇక్కడ ఆంధ్ర రాష్ట్రం కోసం సాగి 1952 డిసెంబరులో ప్రాణం తీసిన నిరాహారదీక్ష గుర్తు రాక మానదు. ఆ పోలికను ఇక్కడికే ఆపుతాను, ఎందుకంటే నాకు కావలసింది ఒక్క ముక్కే. అడుక్కుతినేవాడి ఆకలి రాజును కదిలించదు, అది రోజూ ఉండేదే. తినగలిగీ తిననివాడి ఆకలి కదిలిస్తుంది. అన్నం వద్దనే హక్కున్నవాడే గుమ్మంలో కూర్చోగలడు.

రెండో ఆక్షేపణ మొదటిదానికన్నా మొండిది. ఆ హక్కు నిజంగా ఉందా? తపస్కాలంలో పాలు తాగినవాణ్ణి ఊరు ఊరుకునేదా? చర్చిలో ఫాదర్ గద్దించడూ? పక్కింటావిడ చూపు చాలదూ? ఊరి ఒత్తిడితో చేసే మొక్కును మొక్కు అనొచ్చా? ఇందులో నిజం చాలా ఉంది. ఇంకో మాట కూడా కలపాలి. బుట్ట చుట్టూ అందరూ కూర్చున్నా, నంజు దొరికిన రోజున దాంట్లో పెద్ద వాటా పొలం పనిచేసే మగవాళ్లది. తల్లి వాటా చివరిది, ఒక్కోసారి ఉండేది కాదు. ఆమె ఏడాది పొడుగునా చేసిన ఉపవాసానికి ఏ పేరూ లేదు. దానికి తపస్సని పేరు పెట్టి పొగడటం నాకు చేతకాదు, నా వాదం ప్రకారమే అది కుదరదు. అయితే ఒత్తిడి ఉన్నంత మాత్రాన చేసినవాడి ఇష్టం సున్నా అయిపోదు. మనం మాట్లాడే భాష కూడా ఊరి ఒత్తిడితోనే నేర్చుకున్నాం, అయినా దాంతో చెప్పే మాటలు మనవే. ఊరంతా ఒకే రోజున మానేసి, ఒకే రోజున తినడం వల్ల పేదవాడికి ఇంకోటి దొరికింది. ఆ నలభై రోజులూ వెన్న ఉన్న పెద్ద రైతు బల్లా, వెన్న లేని కూలీ బుట్టా ఒకేలా కనబడ్డాయి. ఏడాదిలో మరెప్పుడూ అలా కనబడవు. ఒత్తిడి తెచ్చిన నియమమే అయినా అది కలవాడి మీద ఎక్కువ పడింది.

నా వాదానికి అసలు పరీక్ష 1845లో వచ్చింది. దుంపల తెగులు ఆ ఏడాది దిగి, ఏళ్ల తరబడి పంటను కుళ్లబెట్టింది. 1841 జనగణనలో సుమారు 82 లక్షలున్న జనాభాలో మూడో వంతుకు పైగా ఆ దుంప మీదే బతికేవాళ్లు. కరువు ముగిసేసరికి పది లక్షల మంది దాకా చనిపోయారు, అంతకు తగ్గకుండా ఓడలెక్కి వెళ్లిపోయారు. అదే కాలంలో ధాన్యమూ వెన్నా పశువులూ రేవుల నుంచి బయటికి పోతూనే ఉన్నాయి. సహాయక చర్యల పగ్గాలు లండన్ ఖజానా శాఖలో చార్లెస్ ట్రెవెల్యాన్ చేతిలో ఉన్నాయి. 1848లో అతను ఈ కరువు మీద పుస్తకమే రాశాడు. సర్వజ్ఞుడూ దయామయుడూ అయిన దేవుడు ఈ దెబ్బతో ఐర్లాండ్ సమాజపు పాత జబ్బును నయం చేస్తున్నాడన్నది అందులో సారాంశం. అతను దుర్మార్గుడని తేల్చి పక్కన పెట్టడం సులువు. అతను భక్తుడు, కష్టపడి పనిచేసేవాడు, తన మాట మీద నమ్మకమున్నవాడు. అందుకే అతని తప్పు మతానికి సంబంధించిన తప్పు. ఇంకొకడి డొక్కను చూసి అందులో దేవుడి ఉద్దేశం చదివాడు. ఉపవాసంలో ఉన్న అర్థాన్నంతా పస్తుకు తగిలించాడు, ఉపవాసి అనుమతి ఒక్కటి తప్ప. మనకూ అతనితో లెక్కుంది. 1859లో అతను మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ గవర్నరు ఏలుబడిలోవే.

మరోవైపు నుంచి సూప్ వచ్చింది. 1847 వేసవిలో ప్రభుత్వమే గంజి కేంద్రాలు పెట్టి, పతాకస్థాయిలో రోజుకు 30 లక్షల మందికి పోసింది. ఈ ఒక్క పని మాత్రం నిజంగా ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని కొన్ని నెలల్లోనే మూసేశారు. అంతకుముందు నుంచే క్వేకర్లు ఏ షరతూ లేకుండా పోశారు. కొన్ని మత ప్రచార సంఘాలు మాత్రం మతం మారితే పోస్తామన్నాయి. శుక్రవారం కావాలని మాంసం సూపే పోశారని జనం చెప్పుకునేవాళ్లు. పుచ్చుకున్న కుటుంబాల మీద సూప్ తాగినవాళ్లు అన్న ముద్ర తరాల తరబడి చెరగలేదు. కుండ ముందు నిలబెట్టి, నీ శుక్రవారాన్ని వదులుకుంటేనే గరిటె వంచుతాననడంలో ఉన్న దౌర్జన్యం ట్రెవెల్యాన్‌దానికి తోబుట్టువే. ఒకడు మనిషి ఆకలికి తన అర్థం పెట్టాడు, ఇంకొకడు ఆ మనిషి పెట్టుకున్న అర్థాన్ని తిండితో కొనబోయాడు. కాదని చనిపోయినవాళ్లను తర్వాతివాళ్లు అమరుల్లా తలుచుకున్నారు. నేనూ తలవంచుతాను. తాగి బతికినవాళ్లను తప్పుపట్టడాన్ని మాత్రం ఒప్పుకోను. అక్వినాస్ తర్కమే వాళ్లను విడిచిపెడుతుంది. పూట గడవని వాడికి నియమం లేదు, నియమం లేనిచోట ద్రోహమూ లేదు. ఆ ముద్ర వేసిన ఊళ్లు తమ మతాన్నే సరిగ్గా చదువుకోలేదు. మన ఒంగోలులో 1876-78 కరువు వేళ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ చిక్కును ముందే పసిగట్టాడు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కూలీలకు పని చూపించినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూటి కోసం మారారన్న మాట రాకూడదని. సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చాడు. ఆ మార్పిడుల మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా, అన్నానికీ మొక్కుకీ మధ్య కొన్ని నెలలు దూరం పెట్టాలని ఒక మనిషికి తోచడం చిన్న విషయం కాదు.

ఇంతదాకా మానడం గురించే చెప్పాను. పెట్టడం గురించి కొంచెం. 1770ల్లో ఐర్లాండ్ తిరిగిన ఇంగ్లిష్ వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్ పేదల దుంపల గిన్నె చుట్టూ ఇంటివాళ్లే కాదు, బిచ్చగాడూ పందీ కోళ్లూ కూడా చేరడం చూసి రాసుకున్నాడు. అక్టోబరు ఆఖరి రాత్రి, దుంపల ముద్దలో క్యాబేజీ కలిపి వెన్న వేసిన కోల్‌కానన్ వండి, చనిపోయినవాళ్ల కోసమో కనబడని మంచివాళ్ల కోసమో ఒక వాటా తీసి ఉంచేవాళ్లు, తలుపు గడియ తీసే ఉంచేవాళ్లు. ఆకలి గడ్డి అని ఒక నమ్మకం ఉండేది. ఎవరో అక్కడ తిని, కనబడనివాళ్లకు ఒక మెతుకూ వదలకుండా పోయిన చోటో, ఆకలితో ప్రాణం పోయిన చోటో మొలిచే గడ్డి అది. దాని మీద అడుగేసినవాడికి కాళ్లు కదలని ఆకలి పట్టుకుంటుంది, జేబులో ఓట్స్ రొట్టె ముక్క ఉంటేనే బతుకుతాడు. ఇదంతా భయమే, భక్తి ఎక్కడుంది అంటారా? భయం ఉంది, కాదనను. ఆ భయం ఏ దిక్కుకు చూస్తోందో గమనించండి. తిండి దొరకదేమోనన్న భయం ఎక్కడైనా ఉంటుంది. తిన్నదాంట్లో ఎవరి వాటాయో కలిసిపోయిందేమోనన్న భయం ఇది. ఐదారు కిలోల దుంపల బుట్టలోంచి ఒక దుంప తీసి పక్కన పెట్టగలిగినప్పుడు ఆ ఇల్లు పేదదే అయినా, ఆ నిమిషానికి దాత ఇల్లు. వెన్న మీద లేని అధికారం ఆ ఒక్క దుంప మీద ఉంది.

1966లో పోపు ఆరవ పాల్ ఉపవాస నియమాలను సడలించి, శుక్రవారం మాంసం మానడాన్ని వేరే ప్రాయశ్చిత్తంగా మార్చే అధికారం ఆయా దేశాల బిషప్పులకు అప్పగించాడు. అప్పటికి ఐరిష్ పల్లెల్లో టీ, సోడా రొట్టె, కొట్టు రొట్టె వచ్చి చాలా కాలమైంది. వెన్న ఇంటి బల్ల మీదికి చేరింది. వెన్న అందరికీ అందిన కాలంలో మానడం అనే మాటకు మొదటిసారి పూర్తి అర్థం వచ్చిందనీ, సరిగ్గా అప్పుడే ఆ నియమం జారిపోయిందనీ ఎవరైనా నవ్వితే నా దగ్గర జవాబు లేదు.

ఆ బడిపిల్లల నోటుపుస్తకాల్లో ముసలివాళ్లు తరచూ ఒక మాట అంటారు. దుంపలూ చల్లా తిన్న పాతతరం ఇప్పటివాళ్లకన్నా గట్టి మనుషులని. మన దగ్గరా సంకటి తిని రాళ్లు అరిగించుకున్న తాతల గురించి ఇదే ధోరణిలో చెప్పుకుంటాం. ఆ మాట ఈసారి వినబడినప్పుడు వెంటనే తల ఊపకండి. ఆ ఇంట్లో వెన్న ఉండి తినలేదా, అమ్ముకోక తప్పక తినలేదా అని ఒక్కసారి అడగండి. చెప్పేవాళ్లకు తెలిసే ఉంటుంది.